పాత కారుకు గ్యారంటీ: మాట కాదు, కాగితం ముఖ్యం

మంత్రాలయానికి ఏడాది పొడవునా యాత్రికులు వస్తూనే ఉంటారు. ఆ రాబడిని నమ్ముకొని పాత కారు కొని బాడుగకు తిప్పుకుందామని ఈ చుట్టుపట్ల యువకులు ఆశపడడం సహజం. వాన నమ్మకం లేని ఈ సీమలో అప్పు చేసి కొన్న బండి మూలపడితే ఆ కుటుంబం గతి ఏమిటి? అందుకే "ఇంకా కంపెనీ గ్యారంటీ ఉంది" అనగానే పొంగిపోక, దాని లోతుపాతులు తెలుసుకోవాలి.

గ్యారంటీ గడువు మొదటి యజమాని బండి తీసుకున్న రోజు నుంచే లెక్క. చేతులు మారినంత మాత్రాన మళ్ళీ మొదలు కాదు. సంవత్సరాలు, కిలోమీటర్లలో ఏది ముందు నిండితే దానితో సరి. మూడేళ్ళు లేదా లక్ష కిలోమీటర్ల గ్యారంటీ గల కారు రెండేళ్ళలోనే 95 వేల కిలోమీటర్లు తిరిగి ఉంటే, మిగిలింది ఏడాది కాదు, 5 వేల కిలోమీటర్లే. రోజుకు 100 కిలోమీటర్లు తిరిగే బాడుగ బండికి అది 50 రోజుల ముచ్చట.

గడువు ఉన్నా అన్నిటికీ వర్తించదు. క్లచ్ ప్లేట్లు, బ్రేక్ లైనింగుల వంటి అరిగిపోయే సామాన్లకు సాధారణంగా ఉండదు. సర్వీసులు వేళకు చేయించకపోయినా, ప్రమాదంలో దెబ్బతిన్నా, వరదలో మునిగినా కంపెనీ చేతులెత్తేస్తుంది. 2009 అక్టోబరులో తుంగభద్ర మంత్రాలయాన్ని ముంచెత్తిన సంగతి ఎవరూ మరువలేదు. నీట మునిగిన బండిని కడిగి రంగు వేస్తే పైకి కొత్తగానే కనిపిస్తుంది.

కనుక బయానా ఇవ్వకముందే గ్యారంటీ పుస్తకం, సర్వీసు రశీదులు అడిగి తీసుకొని, ఆ కంపెనీ షోరూములో ఛాసిస్ నంబరు చెప్పి విచారించాలి. మిగిలిన గడువు కొన్నవారికి వర్తిస్తుందా, బాడుగకు తిప్పినా చెల్లుతుందా అని అడగాలి. రశీదుల్లోని కిలోమీటర్లను మీటరుతో పోల్చితే, మీటరు వెనక్కి తిప్పిన మోసమూ బయటపడుతుంది. సి-బుక్కులో పేరు మార్పిడికి 30 రోజుల్లోగా, ఇన్సూరెన్సు మార్పిడికి 14 రోజుల్లోగా దరఖాస్తు చేసుకోవాలి. నది దాటితే కర్ణాటక. అక్కడి బండి అయితే అక్కడి రవాణా అధికారి ఇచ్చే నిరభ్యంతర పత్రం తప్పనిసరి.

వ్యాపారి తానుగా ఇచ్చే గ్యారంటీ వేరు, కంపెనీది వేరు. నోటిమాట నీటిమూట గనుక దానిని రశీదు మీద రాయించుకోవాలి. వ్యాపారి మాట తప్పితే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. రెండేళ్ళలోగా కర్నూలులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపైతే రుసుము లేదు. బతుకుతెరువు కోసం బండి కొని తానే నడుపుకునేవారికి కూడా 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వర్తిస్తుంది.

పాత వాహనాల వ్యాపారులు రవాణా శాఖ నుంచి అధికార పత్రం పొందాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో దీనిని పకడ్బందీగా అమలు జరిపించవలసిన బాధ్యత అధికారులది. ఆ పత్రం చూపమని అడగవలసిన బాధ్యత కొనేవారిది.