పసుపు జెర్సీ ఢిల్లీకి పోయింది!

మొన్న ఆదివారం మా ఇబ్రహీంపట్నంలో గ్రౌండ్ పక్క నుంచి నడిచి వస్తున్నా. ఒంటి మీద పాత హైదరాబాద్ ఎఫ్‌సీ జెర్సీ. ఉతికి ఉతికి పసుపు రంగు కాస్తా వెలిసిపోయింది. బాల్ ఆడుకుంటున్న పిల్లోడొకడు ఆగి అడిగాడు, ‘‘అన్నా, ఇది ఏ టీం?’’ అని.

‘‘మనదేరా, హైదరాబాద్‌ది’’ అన్నా.

‘‘మరి ఎప్పుడు ఆడతది?’’

నోట మాట రాలేదు. ఎందుకంటే ఆ టీం ఇప్పుడు లేదు. 2025 అక్టోబర్‌లో ఢిల్లీకి పోయింది. పేరు కూడా మారింది, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని. ఈ వారం కాలమ్ ఆ పిల్లోడికి నేను చెప్పలేకపోయిన జవాబు అనుకోండి.

మొదటి మ్యాచ్ సంగతితో మొదలుపెడతా. 2019 నవంబర్ 2, గచ్చిబౌలి స్టేడియం. కేరళ బ్లాస్టర్స్‌తో మన టీంకి సొంత గడ్డ మీద తొలి మ్యాచ్. అప్పుడు ఆర్టీసీ సమ్మె నడుస్తోంది, గుర్తుందా? బస్సుల్లేవు. నేనూ, మా బాబాయి కొడుకూ షేర్ ఆటోలో ఇరుక్కుని ఎల్బీనగర్ దాకా వెళ్లి, అక్కడ మెట్రో ఎక్కి, హైటెక్ సిటీలో దిగి, మళ్లీ ఆటో పట్టుకుని గేటు దగ్గర పడ్డాం. స్టేడియంలోకి అడుగుపెడితే సగానికి సగం కేరళ వాళ్లే! మన ఊళ్లో మనమే గెస్టులం అన్నట్టుంది. ముందు గోల్ కూడా వాళ్లదే, రాహుల్ కేపీ కొట్టాడు. తర్వాత స్టాంకోవిచ్ పెనాల్టీతో సమం చేశాడు. చివర్లో మార్సెలీనో ఫ్రీకిక్! బాల్ నెట్‌లో పడగానే పక్కనున్న ముక్కూ ముఖం తెలియని పెద్దాయన్ని వాటేసుకున్నా. 2-1. తిరుగు ప్రయాణంలో ఇంటికి చేరేసరికి అర్ధరాత్రి దాటింది, అమ్మ చేతిలో అక్షింతలు పడ్డాయి. అయినా నిద్ర పట్టలేదు.

ఆ సీజన్ మొత్తంలో గెలిచింది రెండే మ్యాచ్‌లు. పది టీంలలో పదో స్థానం. అయినా సరే, మన టీం అంటే మన టీమే కదా.

ఆ తర్వాత కథ సినిమా స్క్రిప్టే. మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ వచ్చాడు. కుర్రాళ్లను నమ్మాడు. తొలి ఏడాది ఐదో స్థానం. రెండో ఏడాది, అంటే 2021-22లో, నైజీరియా ఆటగాడు బార్తలోమ్యూ ఒగ్బెచే వచ్చి చేరాడు. ఒకప్పుడు పారిస్ సెయింట్ జర్మెయిన్‌కి ఆడినవాడు, 2002 వరల్డ్ కప్‌లో నైజీరియా జెర్సీ వేసినవాడు. వయసు 37. ‘ముసలోడు ఏం ఆడతాడులే’ అని మా వాట్సాప్ గ్రూప్‌లో నవ్వినవాళ్లలో నేనూ ఉన్నా. ఆ ముసలోడు 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ పట్టుకుపోయాడు!

2022 మార్చి 20న గోవాలో ఫైనల్. ఎదురుగా మళ్లీ అదే కేరళ. మళ్లీ అదే రాహుల్ కేపీ ముందు గోల్. 88వ నిమిషంలో సాహిల్ తవోరా కొట్టిన షాట్‌తో స్కోరు సమం. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపేశాడు. 3-1తో కప్పు మనది. మా మేడ మీద ఫోన్ స్క్రీన్ ముందు తొమ్మిది మందిమి. అరుపులకి కింద వీధి కుక్కలన్నీ లేచాయి.

కానీ ఒక్క విషయం గమనించారా? కరోనా వల్ల ఆ రెండు సీజన్లూ మొత్తం గోవాలోనే జరిగాయి. మన టీం చాంపియన్ అయిన ఏడాది మన ఊళ్లో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడలేదు. కప్పు గెలిచిన టీమూ, దాన్ని ప్రేమించాల్సిన ఊరూ ఒకరినొకరు సరిగా చూసుకోనే లేదు. తర్వాతి సీజన్‌లో గచ్చిబౌలికి తిరిగొచ్చింది, లీగ్‌లో మళ్లీ రెండో స్థానం. నాకైతే ఇక ఢోకా లేదనిపించింది.

ఢోకా అక్కడే ఉంది. 2023-24 నాటికి డబ్బుల్లేవు. జీతాలు ఆగిపోయాయి. కోచ్ మనోలో అప్పటికే గోవా వెళ్లిపోయాడు. బకాయిల వల్ల కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది. ఒక్కొక్కరే సర్దుకుని వెళ్లిపోతే, మిగిలిన కుర్రాళ్లతో థాంగ్‌బోయి సింగ్టో అనే కోచ్ బండి లాగాడు. 22 మ్యాచ్‌లలో ఒకే ఒక్క గెలుపు, అట్టడుగు స్థానం. రెండేళ్ల కిందటి చాంపియన్! 2024లో బీసీ జిందాల్ గ్రూప్ కొనుక్కుంది. హమ్మయ్య అనుకున్నాం. ఆ మరుసటి ఏడాదే ఢిల్లీ టికెట్ కొట్టేశారు.

కోపం వచ్చింది. చాలా వచ్చింది. ఫోన్ తీసి నాలుగు తిట్లు టైప్ చేశా కూడా. అప్పుడే ఒకటి గుర్తొచ్చి ఆగిపోయా. 2019లో మన టీం ఎలా పుట్టింది? పుణె సిటీ అనే క్లబ్ మూతపడితే, లీగ్‌లో దాని స్థానం మనకి వచ్చింది. ఆ రోజు పుణెలో నాలాంటి కుర్రాడొకడు తన జెర్సీ మడతపెట్టి బీరువాలో పడేసి ఉంటాడు. నేను వాడి గురించి ఒక్క క్షణమైనా ఆలోచించానా? లేదు. షేర్ ఆటోలో ఈల వేసుకుంటూ వెళ్లా. టైప్ చేసిన తిట్లు డిలీట్ చేశా.

మరి డబ్బుల్లేకపోతే ప్రతి క్లబ్బూ ఇలాగే మాయమవుతుందా? కెన్యాకి వెళ్దాం రండి. గోర్ మహియా అని నైరోబీలో ఒక క్లబ్ ఉంది. 1968లో పుట్టింది. పేరు వాళ్ల జానపద కథల్లోని ఒక మంత్రవైద్యుడిది. 1987లో ఆఫ్రికా కప్ విన్నర్స్ కప్ గెలిచింది. ఇక కష్టాలంటారా, మన టీం వాటిముందు చిన్నపిల్ల. 2019లో స్పాన్సర్‌గా ఉన్న బెట్టింగ్ కంపెనీ తప్పుకుంది. ఆటగాళ్లకి నెలల తరబడి జీతాల్లేవు. అయినా 2022-23, 2023-24 సీజన్లలో వరసగా కెన్యా చాంపియన్ అయింది.

తేడా ఎక్కడుంది? గోర్ మహియా మెంబర్ల క్లబ్. అధ్యక్షుడిని ఓట్లేసి ఎన్నుకుంటారు. తగాదాలు, ఆరోపణలు, అరుపులు అన్నీ ఉంటాయి, మన కాలనీ అసోసియేషన్ మీటింగ్ లెక్క. కానీ ఎవరో ఒకరు సంతకం పెట్టి దాన్ని వేరే ఊరికి ఎత్తుకుపోవడం అంత ఈజీ కాదు. మన క్లబ్బుకి ఓనర్లున్నారు, ఫ్యాన్స్ ఉన్నారు, మెంబర్లు మాత్రం లేరు.

ఇంకోటి చెప్తే ఆశ్చర్యపోతారు. గోర్ మహియాకి 2021లో కోచ్‌గా ఉన్న పోర్చుగల్ మనిషి కార్లోస్ వాజ్ పింటో ఆ మరుసటి ఏడాది మన రంగారెడ్డి జిల్లాకే వచ్చాడు! మొయినాబాద్ దగ్గర అజీజ్‌నగర్‌లో డెక్కన్ అరీనా ఉంది చూడండి, అక్కడి శ్రీనిధి డెక్కన్ టీంకి. 2022-23లో ఆ టీం ఐ-లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. ఆ మరుసటి ఏడాదీ రెండో స్థానమే. మన జిల్లా టీం ఇంత బాగా ఆడుతుంటే నేను ఎన్నిసార్లు వెళ్లానో తెలుసా? ఒక్కసారి. సిగ్గుగానే చెప్తున్నా.

నిజానికి మనకి ఫుట్‌బాల్ కొత్తేం కాదు. ‘మైదాన్’ సినిమా చూసినవాళ్లకి రహీం సాబ్ తెలుసు. సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాదీ. ఆయన కోచింగ్‌లో హైదరాబాద్ సిటీ పోలీస్ టీం 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1950 డ్యూరాండ్ కప్‌లో మోహన్ బగాన్‌నే ఓడించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ గోల్డ్, ఇండియాకి రెండూ ఆయన కోచింగ్‌లోనే. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆ రెండు టీంలలోనూ ఆడాడు. ఆ పోలీస్ టీం వైభవం కూడా పోయింది. దాన్ని ఎవరూ ఢిల్లీకి తీసుకుపోలేదు. మెల్లగా మనమే చూడటం మానేశాం.

అందుకే ఆ పిల్లోడికి చెప్పాల్సిన జవాబు ‘వాళ్లు ఎత్తుకుపోయారు’ అనేది సగమే. ఒక టీం ఊళ్లో నిలవాలంటే గెలిచినప్పుడు స్టేటస్ పెట్టే వాళ్లు సరిపోరు. ఓడిపోయే మ్యాచ్‌కి కూడా టికెట్ కొని కూర్చునే వాళ్లు కావాలి. ఆ 22 మ్యాచ్‌ల సీజన్‌లో నేను ఎన్నిసార్లు గచ్చిబౌలి వెళ్లాను అని అడగకండి. సున్నా. బస్సులు లేని రోజున వెళ్లినోణ్ని, బస్సులు తిరుగుతున్నప్పుడు వెళ్లలేదు.

నిన్న సాయంత్రం మళ్లీ గ్రౌండ్‌కి పోయా. అదే పిల్లోడు, అదే బాల్. ‘‘అన్నా, చెప్పలేదు కదా, ఎప్పుడు ఆడతది?’’ అన్నాడు. ‘‘అది ఇక ఆడదురా. కానీ అజీజ్‌నగర్‌లో ఈసారి మ్యాచ్ పడితే తీసుకపోతా, మీ అమ్మని అడుగు’’ అన్నా. వాడు పరుగెత్తుకుంటూ ఇంటికి పోయాడు. రెండు నిమిషాల్లో తిరిగొచ్చి, ‘‘పర్లేదంట, కానీ రాత్రి తొమ్మిదింటికల్లా ఇంట్లో ఉండాలంట’’ అన్నాడు.

ఇక్కణ్నుంచి అజీజ్‌నగర్ పోయి తొమ్మిదింటికల్లా రావడం ఎలాగో మీకేమైనా ఐడియా ఉంటే చెప్పండి.