పొట్ట ఆపరేషన్ తర్వాత చూసేదెవరు?

ఊబకాయం పట్నవాసపు జబ్బన్న మాటకు ఏనాడో కాలం చెల్లింది. పొలానికి మోటారు సైకిలు మీద వెళ్లడం, కోతకు యంత్రం రావడం మొదలయ్యాక పొన్నూరు, తెనాలి, బాపట్ల, రేపల్లె పల్లెల్లోనూ పొట్టలు పెరిగాయి. తెల్లన్నం మాత్రం తగ్గలేదు. చక్కెర వ్యాధి వెంటే వచ్చింది. లక్షలు పోసి బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకోవాలనుకునే వారు అప్పుపత్రం రాసేముందు కొన్ని సంగతులు తెలుసుకోవాలి.

చర్మం కింది కొవ్వును గొట్టంతో లాగివేయడం వేరు, జీర్ణాశయాన్ని చిన్నది చేసి పేగుదారి మళ్లించడం వేరు. మొదటిది ఆకారం కోసం. దాదాపు పదికిలోల కొవ్వు లాగేసినా చక్కెర స్థితి మెరుగుపడలేదని 2004లో అమెరికాలో జరిగిన పరిశీలన తేల్చింది.

రెండో ఆపరేషన్ తీరు వేరు. ఒళ్లు తగ్గకముందే, కొద్దిరోజుల్లోనే చాలామందికి చక్కెర దిగుతుంది. తిండి ఒక్కసారిగా తగ్గడంతో కాలేయంలో పేరుకున్న కొవ్వు ముందుగా కరుగుతుంది. పేగుల్లో పుట్టే హార్మోన్లు ఇన్సులిన్‌ను పురికొల్పుతాయి. ఒంటి కొవ్వు పోవడానికి నెలలు పడుతుంది. ప్రమాదమూ ఇక్కడే పొంచి ఉంది. ఇంటికొచ్చిన రోగికి పాత మోతాదులోనే ఇన్సులిన్ ఇస్తే చక్కెర పడిపోయి చెమటలు, వణుకు, చివరకు స్పృహ తప్పడం దాకా వెళుతుంది. పాత చీటీ చూసి సూది వేసే ఆర్.ఎం.పి.లకు ఈ సంగతి ఎవరు చెప్పారు?

వ్యాధి శాశ్వతంగా పోతుందన్న ప్రచారమూ సరికాదు. స్వీడన్‌లో 1987లో మొదలైన పరిశీలనలో, ఆపరేషన్ అయిన మధుమేహ రోగుల్లో రెండేళ్లకు నూటికి 72 మందికి వ్యాధి అదుపై మందుల అవసరం తీరింది. పదేళ్లకు ఆ సంఖ్య 36కు దిగింది. ఏళ్ల తరబడి ఇన్సులిన్ మీద ఉన్నవారికి ఆశ ఇంకా తక్కువ. అయినా మందులతోనే నెట్టుకొచ్చిన వారికంటే ఇది ఎంతో మెరుగు. ఆపరేషన్ వృథా అనడం న్యాయం కాదు.

పోయేది కొవ్వు ఒక్కటే కాదు, కండ కూడా. గుడ్డు, చేప, పప్పు తగినంత తినకపోతే పొలంపని చేసే మనిషికి సత్తువ ఉండదు. బి12, ఇనుము, కాల్షియం మాత్రలు జీవితాంతం మింగాలి. పేగుదారి మళ్లించినవారు పండుగ పేరిట బూరెలు, పానకం పట్టిస్తే కళ్లు తిరగడం, గుండెదడ తప్పవు. మద్యమూ త్వరగా తలకెక్కుతుంది. బావగారు బలవంతం చేసినా వద్దనాల్సిందే!

హైదరాబాదులోని ఉస్మానియా ఆసుపత్రి వైద్యులు 2022లో ఇటువంటి శస్త్రచికిత్స చేశారు. సర్కారు దవాఖానాకు ఇది చేతకాని పని కాదన్నమాట. అయితే కోసిన డాక్టరు ఎక్కడో ఉంటాడు. అర్ధరాత్రి కళ్లు తిరిగితే రోగిని తెచ్చేది పొన్నూరు ఆసుపత్రికో, ఊళ్లోని ఆరోగ్య కేంద్రానికో. ఏ ఆపరేషన్ జరిగిందో, ఏ మందు ఎంత తగ్గించారో, ఏ మాత్ర మానకూడదో తెలిపే చీటీ తెలుగులో ఇవ్వాలని గుంటూరు, బాపట్ల జిల్లాల వైద్యాధికారులు ఆసుపత్రులను ఆదేశించాలి. ఈ రోగులకు మూడు నెలల సగటు చక్కెర పరీక్ష, రక్తహీనత, బి12 పరీక్షలు దగ్గరలోనే జరిపించి, ఆ మాత్రలు ఉచితంగా ఇప్పించాలి.