కొమ్ము, మండ వేరుచేసే చేతులు

నిజామాబాద్ మార్కెట్ యార్డులో మేధోవైకల్యం ఉన్న ఓ కుర్రాడు పసుపు కొమ్మునూ మండనూ వేరుచేస్తుంటే నిలబడిపోయాను. ఒక్క కొమ్మూ తప్పు కుప్పలో పడలేదు. బడిలో అతనికి నేర్పింది మాత్రం కొవ్వొత్తుల తయారీ! 2016 వికలాంగుల హక్కుల చట్టం ఇలాంటి పిల్లలకు 18 ఏళ్ల దాకా ఉచిత చదువు, వికలాంగులందరికీ కలిపి సర్కారు కొలువుల్లో 4 శాతం కోటా ఇచ్చింది. పోటీ పరీక్ష గట్టెక్కలేని పిల్లాడికి ఆ కోటా ఏం చేస్తుంది? ఒకచోట నేర్చిన పనిని మరోచోట చేయడమే వీళ్లలో చాలామందికి కష్టం. బల్ల మారినా, పక్కమనిషి మారినా చెయ్యి ఆగిపోతుంది. అందుకే పని నేర్పాల్సింది పని జరిగేచోటే అంటాను. ఇదే జిల్లాలోని బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డాక మామూలు కుర్రాళ్లకే పనుల్లేవంటారు, నిజమే. కానీ పసుపు ఏటా వస్తూనే ఉంది. ఆ కుప్ప పక్కన నాలుగు నెలలు ఓపిగ్గా కూర్చుని నేర్పే మనిషికి సర్కారు జీతమివ్వాలి, కుర్రాడికి అందరితోపాటు పూర్తి కూలి దక్కాలి.