గవాహీ ఫర్జే, కానీ ఖానూన్ తెలుసుకుని

మన మొహల్లాలో పోలీసు జీపు ఆగిందంటే చాలు, ఎవరిమీదా కేసు లేని ఇంట్లో కూడా అమ్మీల గుండెలు దడదడలాడతాయి. ఈ డర్ ఊరికే పుట్టలేదు. 2007లో మక్కా మసీదు పేలుడు తర్వాత పూఛ్‌తాఛ్ పేరిట తీసుకెళ్లిన మన నౌజవాన్లలో ఎందరో జైలుపాలై, చివరికి బేకసూర్లుగా బయటికొచ్చారు.

కానీ డర్ మనతో రెండు తప్పులు చేయిస్తోందని నాకనిపిస్తుంది. నోరెత్తకుండా వాళ్ల వెంట వెళ్లిపోవడం ఒకటి. తెలిసింది దాచడం ఇంకొకటి. గవాహీ దాచడం గునాహ్ అని సూరా బఖరా చెబుతోంది. పక్కింటి కేసైనా తెలిసిన సచ్ చెప్పాల్సిందే. అయితే మన హక్ వదులుకుని కాదు.

2024 జులై 1 నుంచి సీఆర్పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. దాని 179వ సెక్షన్ ప్రకారం గవాహ్‌ని రప్పించాలంటే రాతలో ఆర్డర్ ఇవ్వాలి. ఆ గవాహ్ అదే థానా హద్దులోనో, పక్క థానా హద్దులోనో ఉండేవాడై ఉండాలి. ‘ఒకసారి వచ్చిపో’ అని ఫోన్ చేస్తే అది ఆర్డర్ కాదు. ఆడవాళ్లు, 15 ఏళ్లలోపు మగపిల్లలు, 60 దాటిన బుజుర్గులు, వికలాంగులు, సఖ్త్ బీమారీతో ఉన్నవాళ్లు థానాకి వెళ్లనక్కర్లేదు. వాళ్లను ఇంటి దగ్గరే అడగాలి. ‘అమ్మీ రాదు సాబ్, మీరే ఇంటికి రండి’ అని అదబ్‌గా చెప్పొచ్చు.

నోటీసు వస్తే ముందు సెక్షన్ నంబర్ చూడండి. 179 అంటే గవాహ్. వెళ్లకపోతే నేరం. 35(3) అంటే అనుమానం మీమీదే, వకీల్‌తో మాట్లాడి వెళ్లండి.

అడిగినదానికి సచ్చే చెప్పాలి. మనల్నే నేరంలో ఇరికించే సవాల్‌కి మాత్రం జవాబివ్వనక్కర్లేదు. పోలీసులు రాసుకున్న బయాన్ మీద గవాహ్ దస్తఖత్ చేయకూడదని 181వ సెక్షన్‌లోనే ఉంది. ఖాళీ కాగితం మీదైతే అసలే వద్దు.

వకీల్‌కి పైసల్లేవా? 15100కి ఫోన్ చేయండి, న్యాయ సేవాధికార సంస్థ వాళ్లు పలుకుతారు. ఆడవాళ్లకైతే ఆమ్దనీ ఎంతున్నా వకీల్ ముఫ్త్.

జుమా నమాజ్ తర్వాత ఎన్నో ఏలాన్లు చేస్తాం. ఈ నాలుగు మాటలు కూడా చెప్పమని మన మసీదు కమిటీలకు నా గుజారిష్. జీపు ఆగాక వెతుక్కుంటే ఇవి దొరకవు.