పాటపెట్టె క్రింద గాలిదిండు

బల్ల ప్రక్కన పిల్లవాడు గెంతెను. ముల్లు గాడి తప్పి, అపురూపమైన రికార్డుపై గీత పడెను. పిల్లవానికి దెబ్బలు పడెను. ఇది మా యింట జరిగినదే. పిదప విచారింపగా తప్పు బాలునిది గాక బల్లదని తేలినది.

1948లో కొలంబియా సంస్థ వెలువరించిన ఎల్పీ రికార్డు నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగును. దాని గాడిలోని వంకరలు మిక్కిలి సూక్ష్మములు. ఆ కదలికలే నాదమగును గాన, బల్ల యదురును సైతము ముల్లు పాటగానే గ్రహించును.

నివారణము సులభము. గట్టి బల్లపై చిన్నపిల్లల సైకిలు ట్యూబు నుంచి, గాలి మెత్తగా నింపవలెను. దానిపై మూరెడు చదరము, అంగుళము మందము గల కడపరాతి పలక నుంచి, యంత్రమును నిలుపవలెను. పలక బల్లకు తగులరాదు. గాలి కొట్టు నాళము చేతి కందవలెను. తాపీవారి రసమట్టముతో చూచి, యంత్రమును కొంచెము జరిపి మట్టము సరిచేయవలెను. పలక బరువై, గాలి మెత్తనైనకొలది ఊపు నెమ్మదియగును. అంతకంటె మిక్కిలి వడిగల యదురు పైకి ప్రాకదు. స్పీకర్ల నదే బల్లపై నుంచరాదు. గాలి అప్పుడప్పుడు చూచుకొనవలెను.

చెక్కనేల మెల్లగా నూగు నిండ్లలో నిది చాలదు. అచ్చట గోడకు బిగించిన యర మేలు.

ఇప్పుడు మా పిల్లవాడు గెంతినను పాట సాగుచున్నది. ఇంటిల్లిపాదిని కదలవద్దని శాసించుటకంటె రాతి క్రింద గాలి నింపుట తేలిక. నాడు కొట్టిన దెబ్బలను మాత్రము మేము తిరిగి తీసికొనలేము.