శిల కెక్కని నవ్వు

గండికోటకు పోయినవారికి చూచుటకు రాళ్లకు కొదువ లేదు. పెన్న చీల్చిన లోయ, ఎఱ్ఱని కోటగోడలు, మాధవరాయ రంగనాథుల ఆలయములు, జుమ్మా మసీదు, ధాన్యాగారము, అన్నియు నిలిచియున్నవి. ఆ కోటలో జనులు దేనికి నవ్విరో చెప్పగల రాయి మాత్రము ఒక్కటియు లేదు. దానము శాసనమున కెక్కును, యుద్ధము కావ్యమున కెక్కును. హాస్యమును దాచవలెనని మన పెద్దలకు తోచలేదు.

అదే పెన్న దిగువ ఒడ్డున సిద్ధవటము కలదు. ఆ సీమ నేలిన సమ్మెట గురవరాజు కథ మాచుపల్లి కైఫియతులో నున్నది. 19వ శతాబ్ది తొలినాళ్లలో కాలిన్ మెకంజీ దొర సేకరింపజేసిన గ్రామచరిత్రలే ఈ కైఫియతులు. గురవరాజు స్త్రీలను హింసించి ధనము రాబట్టుచుండగా, కూచిపూడి భాగవతులు చూచి, విజయనగరమునకు పోయి, వీరనరసింహరాయల యెదుట కేళిక ఆడిరి. ఒకడు గురవరాజు వేషము, ఇద్దరు బంట్రోతుల వేషము, ఒకడు స్త్రీ వేషము కట్టి ఆ దౌష్ట్యమును కన్నులకు కట్టించిరి. రాయలు సైన్యమును పంపి గురవరాజును శిక్షించెను. 16వ శతాబ్ది తొలినాళ్ల మాట యిది. కూచిపూడి చరిత్ర వ్రాయువారు దీనిని తప్పక ఉదాహరింతురు. కాని ఆ వేషగాడు పలికిన పలుకొక్కటియు దక్కలేదు. పాలకుని అనుకరించు వేషమున హాస్యము లేకుండునా? సభ ఏ మాటకు నవ్వెను? ఏ చేష్టకు నవ్వు మాని నివ్వెఱపోయెను? ఒక పాలకుని పడగొట్టిన ప్రదర్శనమునకు నాలుగు వేషముల పట్టిక మాత్రమే మిగిలినది.

తాళపత్రముల కాలము గనుక పోయినదని సరిపెట్టుకొనుటకు వీలులేదు. యంత్రములున్న బ్రిటనులోను ఇంతే జరిగినది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఊరికాపు దళమున చేరిన ముసలివారి కథతో బి.బి.సి. టెలివిజను 'డాడ్స్ ఆర్మీ' అను హాస్యధారావాహికను ప్రసారము చేసెను. దాని రచయితలలో నొకడైన జిమ్మీ పెరీ కుఱ్ఱతనమున ఆ దళమున పనిచేసినవాడే. 1969 నాటి రెండవ విడతలో 6 భాగములకు 5 పోయినవి. టేపు ఖరీదైనది, చెరిపి మరల వాడుకొనవచ్చును; కారణ మంతకన్న పెద్దది కాదు. 2001లో రెండు దొరికినవి. తక్కిన మూడింటిని 2019లో క్రొత్త నటులతో తీసిరి. వ్రాతప్రతులు మిగిలియుండుటచేతనే అది సాధ్యమైనది. గురవరాజు కేళికకు అదియు లేదు.

మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' (1932) ప్రతియు నేడు దొరకదు. అందు చండామార్కుల బడిలో మొద్దుశిష్యుడుగా నటించినవాడు ఎల్.వి. ప్రసాద్. ఆ వేషమును చూచి నవ్వు భాగ్యము మన పిల్లలకు లేకపోయెను.

ఇంకను చేజారనిది తోలుబొమ్మలాట. ధర్మవరము చేరువ నిమ్మలకుంటలో ఆ కుటుంబములు నేటికిని కలవు. రామాయణ భారత ఘట్టములకు గ్రంథాధార మున్నది. నడుమ వచ్చు బంగారక్క, జుట్టుపోలిగాడు, కేతిగాడు ఏ ఊరిలో ఆ ఊరి సంగతి నెత్తుకొని అప్పటి కప్పుడు కల్పించి పలుకుదురు. అది ఆ రాత్రికే ఆఱిపోవును. అందు మోటుతనమున్నదని ఉపాధ్యాయులు జంకుదురు. ఆ జంకు న్యాయమే. అయినను తరగతిలో చదివించుట వేఱు, ప్రతిని దాచుట వేఱు. చేత ఫోనున్న విద్యార్థి ఆటగాని యనుమతితో ఆ సంభాషణలను ధ్వనిముద్రణ చేసి, ఊరిపేరు, తేది, ఆ రాత్రి ఎవరిని వెక్కిరించిరో వ్రాసి, బడి గ్రంథాలయమున రెండు ప్రతులుంచిన చాలును. జమ్మలమడుగు పరిసర గ్రామములలో వృద్ధులను కదిపినచో, చిన్ననాట విన్న కేతిగాని మాటలు ఒకటి రెండైన వారి జ్ఞప్తియం దుండవచ్చును. వారి నడుగుటకు వేసవి సెలవులదాక ఆగనక్కఱలేదు.