దోరకాయ తెలిసిన చేతికి నైపుణ్యం లేదట!

మా సుగటూరు చుట్టుపక్కల పిల్లలకు సరకు రవాణా, గిడ్డంగి పనులలో నైపుణ్యం చాలదన్న మాట ఈమధ్య తరచుగా వినవస్తున్నది. ఈ మాటను నేనొప్పుకోను. ఉపాధ్యాయ మిత్రులూ ఒప్పుకోరాదు.

కోలారు టమాటా మండీ దేశంలోని పెద్ద మండీలలో ఒకటి. దానికి కాయ పంపే ఇంటి పిల్లలకు, దూరం పోయే సరకును దోరగా ఉన్నప్పుడే కోయాలనీ, బెంగుళూరుకైతే పండినదైనా చెల్లుతుందనీ ఎవరూ చెప్పనక్కరలేదు. పదిహేను కిలోల పెట్టెలో అడుగుకాయ నలగకుండా పేర్చడం, లారీలో గాలి ఆడేటట్లు దొంతి పెట్టడం, ఆలస్యమైతే ఎంత నష్టమో లెక్క కట్టడం తల్లిదండ్రుల వెంట తిరిగి వచ్చిన విద్య. 2023 జూలైలో ఆ పెట్టె ధర రెండు వేలు దాటినప్పుడు, ఒక్క పెట్టె చెడితే ఏమవుతుందో వారికి ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదు. లాజిస్టిక్స్ అంటే ఇదే కదా!

మరి కొరత ఎక్కడ? మా తాలూకాలోనే నరసాపురం, వేమగల్ పారిశ్రామిక వాడలున్నాయి. ఇంట తెలుగు, బడిలో కన్నడం, శిక్షణలో ఇంగ్లీషు. చేతికి తెలిసిన పనికే అక్కడి పేరు తెలియక పిల్లవాడు తెల్లబోతాడు. దానినే నైపుణ్యలేమి అంటున్నారు. 2020 జాతీయ విద్యావిధానం ఆరవ తరగతి నుండి వృత్తివిద్య అన్నది, మాతృభాషలో బోధన అనీ అన్నది. (రాష్ట్రప్రభుత్వం 2023లో దానిని వద్దన్నది, అది వేరే కథ.) ఈ రెండు మాటలను కలిపి చదివినవారెవరు?

తప్పు మనదీ ఉన్నది. ఛందస్సు వద్దనను, నేనూ గణాలు కట్టించేవాడినే. కాని ఎనిమిదవ తరగతిలో ఒక లారీ రసీదును చదివించిన తెలుగు ఉపాధ్యాయులు ఎందరు? ఉగ్రాణం అన్న మాట తెలుగుకూ కన్నడానికీ ఉమ్మడి సొత్తు. అక్కడినుండి వేర్‌హౌస్‌కు ఒక్క అడుగు. తెలుగు మానిపిస్తే ఇంగ్లీషు దానంతట అదే వస్తుందనుకునే తల్లిదండ్రులు ఆ అడుగునే నరికివేస్తున్నారు.

రవాణా వాహనం నడిపేవారికి ఎనిమిదవ తరగతి చదువుండాలన్న నిబంధనను కేంద్రం 2019లో తొలగించింది. పొట్టకూటికి అది మేలే. అయితే సంతకం పెట్టే కాగితంలో సరకు ఎంత, పాడైతే భారం ఎవరిది అన్నది ఆ డ్రైవరుకు చదివి చెప్పేదెవరు? ఈ వారం తరగతికి ఒక రసీదు తీసుకువెళ్ళండి. మండీ గుమాస్తానడిగితే పాతవి ఊరకే ఇస్తారు.